శంషాబాద్‌లో టాక్సీ ఎక్కే ముందు

పిల్లలూ,

మొన్న ఇంటికి రాగానే "నాలుగొందలు తక్కువకే వచ్చేశాం తాతయ్యా" అని సంబరంగా చెప్పారు. ఎయిర్‌పోర్ట్ బయట ఒకతను పక్కకొచ్చి "కారు కావాలా" అని మెల్లగా అడిగాడనీ, పార్కింగ్‌లోకి తీసుకెళ్లి తెల్ల బోర్డు కారు ఎక్కించాడనీ అన్నారు. మీ అమ్మ ముందు ఎందుకులే అని ఊరుకున్నాను గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లు టాక్సీ నడిపినవాణ్ణి, మొదట బేగంపేటలో, 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కి మారాక అక్కడ. తెలిసి కూడా మీకు ముందే చెప్పలేదే అనిపించింది.

ముందుగా నంబర్ బోర్డు సంగతి. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయికి తిరిగే బండి. కరెంటు బండి అయితే ఆకుపచ్చ బోర్డు మీద పసుపు అక్షరాలు. నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలున్నవి మనమే నడుపుకోవడానికి అద్దెకిచ్చే కార్లు. రంగుదేముంది అనుకోవద్దు. టాక్సీ బోర్డు పెట్టాలంటే పర్మిట్ కావాలి, బండి కండిషన్ బాగుందని ఫిట్‌నెస్ చేయించాలి, 2019 నుంచి రిజిస్టరయ్యే కొత్త టాక్సీల్లో అయితే బండి ఎక్కడుందో చెప్పే పరికరం, ఆపదలో నొక్కే ప్యానిక్ బటన్ కూడా ఉండాలి. తెల్ల బోర్డు కారుకి ఇవేవీ అక్కర్లేదు, ఎందుకంటే అది సొంతానికి వాడుకునేది. కిరాయికి తిప్పకూడదని దాని ఇన్సూరెన్స్ పాలసీలోనే ఉంటుంది, దారిలో ఏమైనా అయితే కంపెనీ ఆ ఒక్క మాట పట్టుకుని డబ్బు ఇవ్వనంటుంది. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ కింద 10,000 రూపాయల జరిమానా, జైలు కూడా ఉంది.

మన వీధిలో ఒకాయన రెండేళ్ల తర్వాత గల్ఫ్ నుంచి దిగాడు, జగిత్యాల వెళ్లాలి. ఆయన్నీ ఇలాగే ఒకడు తక్కువకని తీసుకెళ్లి, సగం దారిలో ఆపి రెట్టింపు అడిగాడు. అర్ధరాత్రి, సామానంతా డిక్కీలో, ఏం చేస్తాడు, ఇచ్చేశాడు. పొద్దున ఫిర్యాదు చేద్దామంటే పేరు తెలీదు, బండి నంబర్ చూసుకోలేదు. ఆయన ఎవరితో వెళ్లాడో ఎక్కడా రాసి లేదు. కిరాయి ముందే కట్టే ప్రీపెయిడ్ కౌంటర్‌లో ఇచ్చే స్లిప్పు అందుకే పిల్లలూ, దాని మీద మీరు వెళ్లే చోటు, కిరాయి, బండి నంబర్ ఉంటాయి. ఇల్లు చేరేదాకా అది మీ చేతిలోనే ఉండాలి. యాప్‌లో బుక్ చేసినా అంతే, నంబర్ ప్లేట్ కలిసిందో లేదో చూసుకున్నాకే ఎక్కాలి.

ఇక ఎయిర్‌పోర్ట్‌లో టాక్సీల లైన్ గురించి. ఊళ్లో రోడ్డు మీద పర్మిట్ ఉన్న ఏ బండైనా మిమ్మల్ని ఎక్కించుకోవచ్చు గానీ ఎయిర్‌పోర్ట్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి తర్వాత ఎవరు కదలాలో ఎయిర్‌పోర్ట్ నడిపేవాళ్లే చెప్తారు, ఆ చోటుకి డబ్బు కూడా తీసుకుంటారు. అక్కడ కిరాయి ఎక్కువుండటానికి అదొక కారణం. ఇంకోటి, డ్రైవర్ గంటల తరబడి కాచుకుంటాడు. ఒక రాత్రి నాలుగు గంటలు కూర్చున్నాక నా నంబర్ వచ్చింది, ఎక్కినావిడ "శంషాబాద్ ఊళ్లోకే బాబూ" అంది. అది దగ్గరే, తిరిగొస్తే మళ్లీ లైన్ చివరికే. నా ముఖం మాడిపోయింది, దారిలో ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ తప్పేముంది? అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. దూరం తక్కువని సవారీని కాదనడం చట్టప్రకారం నేరం, అది సరైన నియమమే, కానీ ఆ నష్టమంతా డ్రైవర్ నెత్తినే వేయడం మాత్రం నాకు న్యాయంగా తోచదు. న్యూయార్క్ జేఎఫ్‌కె ఎయిర్‌పోర్ట్‌లో దగ్గర ట్రిప్ పడ్డ డ్రైవర్‌కి ఒక చీటీ ఇస్తారు, అది చూపిస్తే మళ్లీ చివరి నుంచి కాచుకోనక్కర్లేదు. మనకీ అలాంటిది ప్రతి ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి.

యాప్ కిరాయిలకీ హద్దుంది. కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రద్దీ వేళ మూల కిరాయికి ఒకటిన్నర రెట్లు దాటకూడదన్నారు, 2025 జూలైలో దాన్ని రెండు రెట్లు చేశారు. అమలు చేయాల్సింది రాష్ట్రాలే. రేటు మరీ ఎక్కువ చూపిస్తే టెన్షన్ పడి బయట తిరిగేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, ఆర్టీసీ పుష్పక్ బస్సుంది, సామాను తక్కువైతే అదే హాయి.

దసరాకి వచ్చేటప్పుడు బండి ఎక్కగానే స్లిప్పు ఫోటో తీసి నాకు పంపండి. ఎంత రాత్రైనా ఫరవాలేదు, మీరొచ్చేదాకా నేను పడుకోను.

మీ తాతయ్య