తుంటి కీలు జారితే నూనె రాసి లాగకండి

తుంటి మార్పిడి చేయించుకున్నవారి ఇళ్లలో నేను పదే పదే వినే మాట ఒకటుంది: "కీలే కదా తప్పింది, నూనె రాసి లాగితే సర్దుకుంటుంది." తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా చెబుతున్నాను, దయచేసి ఆ పని చేయకండి.

పుత్తూరు కట్టుకు పేరుపడ్డ ప్రాంతం మనది. కీలు తప్పిందనగానే కట్టు గుర్తుకు రావడం సహజం. కానీ ఆపరేషన్ తర్వాత తుంటిలో ఉన్నది అమర్చిన గిన్నె, అందులో తిరిగే బంతి. బంతి గిన్నె దాటి బయటపడగానే చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. ముందు ఎక్స్‌రే తీయాలి, మత్తిచ్చి ఆ బిగువు సడలించాలి, అప్పుడే సర్దాలి. ఇంట్లో పట్టి లాగితే తొడ ఎముక విరగవచ్చు, తుంటి వెనుకగా కాలిలోకి దిగే పెద్ద నరం దెబ్బతినవచ్చు. ఆలస్యమైనకొద్దీ సర్దడమూ కష్టమవుతుంది.

చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఆపరేషన్ అయిన ఐదో వారంలో పెళ్లికి వెళ్లి ముక్కాలిపీట మీద కూర్చుంది. లేవబోతుంటే తుంటిలో టక్కుమంది. కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం లోపలికి తిరిగింది, అడుగు పడటం లేదు. కీలు వెనక్కి జారితే కనిపించే గుర్తులే ఇవి. అయినా రెండు రోజులు నూనెతో మర్దన చేశారు. ఆ రెండు రోజులు ఆమె పడ్డ బాధ తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. "మళ్లీ కోస్తారా సార్?" అని కొడుకు ఏడ్చాడు. కోయలేదు. మొదటిసారి జారినప్పుడు చాలామందికి కోత లేకుండానే సర్దుతారు. పదే పదే జారితేనే మళ్లీ ఆపరేషన్ మాట వస్తుంది.

ఇక జారుతుందన్న భయంతో మంచం దిగకపోవడం మరో తప్పు. కండరాలు నీరసిస్తాయి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నడవండి. వెనుక వైపు నుంచి ఆపరేషన్ జరిగి ఉంటే మొదటి మూడు నెలలు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకండి, కాలి మీద కాలు వేయకండి, ఎత్తైన కమోడ్ వాడండి. అలిపిరి మెట్ల మొక్కు ఎప్పుడు తీర్చుకోవాలో మీ సర్జన్‌నే అడగండి.

ఒకవేళ జారితే కాలిని ఉన్నచోటే కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి, ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. నీరసంగా ఉందని ఆ అవ్వకు దారిలో పాలు తాగించారు. కడుపు ఖాళీ అయ్యేదాకా మత్తు ఇవ్వడానికి వీలుకాక, ఆ నొప్పితోనే ఇంకొన్ని గంటలు ఎదురుచూసింది.