కంటిలోపలి తూము

"నాకు మైనస్ పదకొండు పవర్. కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) పలచగా ఉంది, లేజర్ కుదరదన్నారు. కంటిలోపల లెన్స్ పెడతామంటున్నారు. ఏమైనా అవుతుందేమోనని భయంగా ఉంది" అని నంద్యాల నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని రాసింది. అమ్మా, కంటిలో నీరు ఎలా పారుతుందో తెలిస్తే ఈ ఆపరేషన్ ఎక్కడ తేడా కొడుతుందో నీకే అర్థమవుతుంది.

శుక్లాల ఆపరేషన్‌లో సహజ కటకాన్ని తీసేస్తారు. ఇక్కడ తీయరు. దాని ముందు, ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) వెనుక ఇంకొకటి దూరుస్తారు. ఒక డాక్టరు మిత్రుని దగ్గర దాన్ని చూశాను. చిన్న గాజు సీసాలో ద్రవంలో తేలుతోంది. వెలుతురుకు పట్టి చూస్తే తప్ప అంచు కనపడలేదు. చాపలా చుట్టి మూడు మిల్లీమీటర్ల కోతలోంచి పంపితే లోపల విచ్చుకుంటుందట. నడిమధ్యన సూదిమొనతో పొడిచినట్టు ఒక రంధ్రం, 0.36 మిల్లీమీటర్లు. నా కళ్లు దాని మీదే నిలిచిపోయాయి.

పాఠాల్లో కన్నును కెమెరాతో పోల్చి వదిలేస్తాం. కెమెరాలో నీరు పారదు. కంటికి మన కె.సి. (కర్నూలు-కడప) కాలువే సరైన పోలిక. ఐరిస్ వెనుక నిమిషానికి సుమారు రెండున్నర మైక్రోలీటర్ల నీరు ఊరుతుంది. రోజంతా కలిపినా చిన్న చెంచాడు కాదు. అది కనుపాపలోంచి ముందుకు వచ్చి, ఐరిస్, కార్నియా కలిసే మూలన ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా రక్తంలో కలుస్తుంది. దారి మూసుకుపోయినా ఊట ఆగదు. పైనుంచి వచ్చే నీరు ఆగక, కింద దారి చాలకపోతే ఏమవుతుందో 2009 అక్టోబరు వరదలో కర్నూలు చూసింది. కంటిలో ఆ ముంపుకు, అంటే పెరిగిన ఒత్తిడికి, గురయ్యేది చూపు నరం.

పాత లెన్సులకు మధ్యలో రంధ్రం లేదు. అందుకని ముందే లేజర్‌తో ఐరిస్‌కు గండి కొట్టేవారు. ఇప్పుడు లెన్సుకే తూము ఉంది. కానీ నీటి దారికి పూడిక బెడద ఉండనే ఉంది. ఆపరేషన్ చేసేటప్పుడు కన్ను కుంచించుకుపోకుండా జిగురు ద్రవం నింపుతారు. అది పూర్తిగా కడగకుండా మిగిలిపోతే జల్లెడకు అడ్డుపడి, తొలి గంటల్లోనే ఒత్తిడి పెరుగుతుంది. అందుకే అదే రోజు మళ్లీ ఒత్తిడి కొలుస్తారు.

ఆ రాత్రి తలనొప్పి, వాంతులు వస్తే మన ఇళ్లలో పైత్యమని నిమ్మరసం ఇస్తారు, దిష్టి అని మిరపకాయలు తిప్పుతారు. దయచేసి ఆ పని చేయకండి. తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి. కోత పచ్చిగా ఉన్న కంటిలో ఆముదం, చనుబాలు, నందివర్ధనం రసం పోయడం ఇంకా ఘోరం. లోపల చీము పడితే కన్నే పోవచ్చు.

ఇక అసలు కిటుకు ఖాళీలో ఉంది. కొత్త లెన్సుకూ సొంత కటకానికీ మధ్య సుమారు 250 నుంచి 750 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడం ఉండాలి. నోటుపుస్తకంలో ఒక కాగితం మందం వంద మైక్రాన్ల లోపే. ఎడం తగ్గితే సొంత కటకం ముందు నీరు సరిగా కదలదు. దానికి రక్తనాళాలు లేవు, ఈ నీరే ఆహారం. అది అందక, రాపిడి తోడై, మసకబారి శుక్లం మొదలవుతుంది. ఎడం మరీ ఎక్కువైతే లెన్స్ ఐరిస్‌ను ముందుకు నెట్టి మూలన ఉన్న జల్లెడను మూసేస్తుంది. అది నీటికాసులకు (గ్లాకోమాకు) దారి.

ఈ ఎడం లెన్స్ సైజును బట్టి వస్తుంది. ఎక్కువగా వాడే రకంలో సైజులు నాలుగే: 12.1, 12.6, 13.2, 13.7 మిల్లీమీటర్లు. లెన్స్ అంచులు ఆనే చోటు ఐరిస్ చాటున ఉంటుంది, మామూలు వెలుతురుతో కనపడదు. చాలాచోట్ల కార్నియా వెడల్పు కొలిచి లోపలిది అంచనా కడతారు. గట్టు మీద నిలబడి బావి అడుగు వెడల్పు చెప్పడం లాంటిదే ఇది. అల్ట్రాసౌండ్‌తో నేరుగా కొలిచే పద్ధతి ఉంది, అడుగు.

రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనపడవచ్చు. చాలామందికి క్రమంగా అలవాటవుతాయి. కార్నియా లోపొర కణాలు మాత్రం పోతే తిరిగి పుట్టవు, అందుకని ఏటా లెక్కించాలి. ఇంత మైనస్ పవర్ ఉన్న కన్ను మామూలుకన్నా పొడవుగా సాగి ఉంటుంది. పవర్ పోయినా సాగిన కన్ను సాగినట్టే ఉంటుంది కాబట్టి రెటీనా (కంటి వెనుక తెర) పరీక్ష మానకూడదు.

సైజు కుదరకపోతే లెన్స్ తీసి మరొకటి పెట్టే వీలుంది. ఆపరేషన్ అయ్యాక ఎడం ఎన్ని మైక్రాన్లు వచ్చిందో అడిగి, తేదీతో రాసిపెట్టుకో. వయసుతో సొంత కటకం మందమవుతూ ఆ అంకె తగ్గుతుంది. పై ఏడాది పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరుకు ఆ పాత అంకె కావాలి.