సోడాకీ తోడు కావాలి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మొన్న ఆదివారం మా అమ్మాయి స్నేహితులు పదిమంది వచ్చారండీ. టిఫినూ భోజనమూ ఒకటే చేసేద్దామని పెసరట్టు ఉప్మా పెట్టి, బత్తాయి, నిమ్మ కలిపి సోడా డ్రింకు చేద్దామనుకున్నాం. జగ్గులో సోడా పోసి, రసాలు పోసి, ఉప్పు వేయగానే సగం పొంగి బల్ల మీదకి పోయింది. మిగిలింది తాగితే చప్పగా ఉంది. నిమ్మ పులుపుకి గ్యాస్ విరిగిపోతుందా? ముందు ఏది పోయాలి?"

సోడా చివర్లో పోయాలి. జవాబు ఇంతే. కానీ ఈ పొంగు వెనక ఉన్న సంగతి నాకు ఎంత ఇష్టమంటే, ఒక్క మాటతో వదిలేయడానికి మనసు రావడం లేదు.

నిమ్మకాయ పిండితే పాలు విరుగుతాయి కాబట్టి సోడా కూడా విరుగుతుందనుకోవడం సహజమే. కానీ ఇక్కడ జరిగేది అది కాదు. సోడాలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ దాదాపు అంతా వాయువు అణువులుగానే ఉంటుంది. కార్బోనిక్ ఆమ్లంగా మారేది సుమారు 600 అణువుల్లో ఒకటి. వంట సోడా మీద నిమ్మరసం పడితే బుసబుసా పొంగుతుంది, ఎందుకంటే అక్కడ పులుపు విడగొట్టడానికి బైకార్బొనేట్ బోలెడంత ఉంది. మామూలు సోడాలో అది లెక్కలోకి రానంత తక్కువ.

నమ్మకం కలగకపోతే మీ వంటింట్లోనే తేల్చుకోండి. రెండు గ్లాసుల్లో సమంగా సోడా పోయండి. ఒకదాంట్లో చిటికెడు ఉప్పు పొడిగా వేయండి. అంతే ఉప్పును చెంచాడు నీళ్లలో పూర్తిగా కరిగించి, రెండోదాంట్లో గ్లాసు అంచు మీదుగా మెల్లగా వదలండి. మొదటి గ్లాసు అంచు దాటి పొంగుతుంది. రెండోదాంట్లో నాలుగు బుడగలు లేస్తాయి, అంతే. ఉప్పు అదే, సోడా అదే. తర్వాత నేను ఉప్మా రవ్వ వేసి చూశాను. అదీ పొంగింది. రవ్వకీ సోడాకీ మధ్య రసాయన చర్య ఏముంటుంది? ఏమీ లేదు. అంటే పొంగించేది ఉప్పులోని రుచి కాదు, ఉప్పు గరుకుదనం. ఆ పలుకుల సందుల్లో ఇరుక్కున్న రవ్వంత గాలి.

మా ఇంట్లో పిల్లలకి నేను చెప్పే మాట ఒకటుంది. బుడగకి తోడు కావాలి. కాచి చల్లార్చిన పాలు వాటంతట అవి పెరుగు కావు. చెంచాడు పాత పెరుగు పడాలి. సోడా కూడా అంతే. వాయువు ఎంత నిండుగా ఉన్నా, బుడగ మొదలవ్వడానికి ముందే ఒక చిన్న గాలి పొట్లం ఉండాలి.

ఎందుకని? కాస్త లెక్క చూద్దాం. నీటి ఉపరితలం సాగదీసిన పొరలాగా ప్రవర్తిస్తుంది. బుడగ ఎంత చిన్నదైతే ఆ పొర దాన్ని అంత గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడు ఎంతంటే, పొర బిగువును, అంటే తలతన్యతను, రెండింతలు చేసి, బుడగ వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. నీటి తలతన్యత మీటరుకి 0.072 న్యూటన్లు. సీసాలో 4 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉందనుకోండి. మూత తీస్తే బయట ఉన్నది 1, అంటే 3 మిగులు. 3 అట్మాస్ఫియర్లంటే సుమారు 3,00,000 పాస్కల్స్. భాగిస్తే వచ్చే వ్యాసార్ధం దాదాపు అర మైక్రాన్, మిల్లీమీటరులో 2,000వ వంతు. ఇంతకన్నా చిన్న బుడగ పుడితే పొర దాన్ని నలిపేస్తుంది, లోపలి వాయువు మళ్లీ నీళ్లలో కలిసిపోతుంది. ఇంతకన్నా పెద్దదైతే పెరుగుతూ పోతుంది. ఉత్త నీళ్లలో అణువులు వాటంతట అవి గుమిగూడి అంత పెద్ద బుడగ కట్టడం జరిగే పని కాదు. కాబట్టి అప్పటికే అంత పెద్ద గాలి పొట్లం ఎక్కడో ఉండాలి. అదే తోడు.

ఇంటర్ సెకండియర్ సొల్యూషన్స్ పాఠంలో హెన్రీ నియమం చెప్తారు, సోడా సీసానే ఉదాహరణగా ఇస్తారు. ఒత్తిడి తగ్గితే కరిగిన వాయువు తగ్గుతుంది అని. బెజవాడలో కాలేజీ పిల్లలు ఆ సూత్రాన్ని నిద్రలో లేపినా చెప్తారు. కానీ మూత తీయగానే ఒత్తిడి తగ్గిపోయింది కదా, మరి గ్యాస్ అంతా ఒక్కసారే ఎందుకు పోలేదు, అరగంట ఎందుకు పడుతోంది అని అడిగే పిల్ల నాకు ఇంకా తగల్లేదు. అడిగిన రోజున ఆ క్లాసు ఆపి, గ్లాసు తెప్పించి చూపించాలి. ఎంత వాయువు పోవాలో హెన్రీ నియమం చెప్తుంది. ఎప్పుడు, ఎక్కణ్ణుంచి పోవాలో చెప్పేది తోడు.

గాజు గ్లాసులో సోడా పోసి వెలుతురుకి పట్టుకుని చూడండి. ఒకే చోటు నుంచి ముత్యాల దండలాగా బుడగలు వరసగా లేస్తుంటాయి. ఆ చోట తరచుగా ఉండేది తుడిచిన గుడ్డ నుంచి రాలిన నూలుపోగు. దూదిపోగు లోపల బోలుగా ఉంటుంది. సోడా పోసినప్పుడు ఆ గొట్టంలోకి నీళ్లు పూర్తిగా వెళ్లలేవు, కొంచెం గాలి మిగిలిపోతుంది. చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్ అందులోకి చేరుతుంది, గాలి ఉబ్బుతుంది, గొట్టం చివరికొచ్చి తెగి పైకి లేస్తుంది. తెగినప్పుడు లోపల కొంచెం వదిలి వెళ్తుంది. కడగని పెరుగు గిన్నెలో మళ్లీ పాలు పోస్తే అంచుకి అంటిన పెరుగే తోడై పోయినట్టు, ఆ మిగిలిన వాయువే తర్వాతి బుడగకి తోడు. అందుకే దండ తెగదు. తోడు ఎక్కువ పడితే పెరుగు తొందరగా పులిసిపోతుంది కదా, సోడాలో గరుకు సరుకు ఎక్కువ పడితే గ్యాస్ కూడా అంతే తొందరగా ఖాళీ అవుతుంది. పాఠకురాలి జగ్గులో ఉప్పు పలుకులు, బత్తాయి పిప్పి, ఫ్రీజరులోంచి తీసి అలాగే వేసిన ఐసు ఉంటే ఆ ఐసు మీది నూగు, అన్నీ ఒకేసారి తోడు పెట్టాయి.

ఎండాకాలం పెరుగు త్వరగా తోడుకుంటుంది. సోడాకీ ఎండ పగే. మామూలు వాతావరణ పీడనంలో 0 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 3.3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 1.7, 40 దగ్గర 1 గ్రామే. మే నెలలో విజయవాడ వీధిలో ఉన్న సోడా ఎంత ఇరుకున పడుతుందో చూడండి.

అయినా అక్కడి గోళీ సోడా బండివాళ్ల చేతుల్లో ఈ విద్య ఎప్పటినుంచో ఉంది. ఆ సీసా 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటు చేసినది. లోపలి వాయువే గోళీని మెడలోని రబ్బరు రింగుకి అదిమి మూత వేస్తుంది. బీసెంట్ రోడ్డులో ఒకసారి బండి పక్కనే నిలబడి చూశాను. "సాల్టా, స్వీటా, మిక్సా?" అని అడిగి, గ్లాసులో ముందు నిమ్మకాయ పిండాడు. ఉప్పు వేసి చెంచాతో బాగా తిప్పాడు. పలుకు కరిగాకే గోళీని నొక్కాడు. చుయ్‌మని శబ్దం. గ్లాసు వంచి, గోడ మీదుగా సోడా జార్చాడు. షాంపేన్ అనే బుడగల వైన్ పోయడం మీద ఫ్రాన్సులో కొలతలు తీసి తేల్చింది కూడా ఇదే. వంచిన గ్లాసులో చల్లగా పోస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ నిలుస్తుంది. షాంపేన్‌లో నారింజ రసం పోసి మిమోసా కాక్‌టెయిల్ కలిపేవాళ్లకీ ఈ మాట పనికొస్తుంది.

బుడగలు అసలే వద్దని కాదు. ప్రతి బుడగా పైన పగిలినప్పుడు సన్నటి తుంపర ఎగజిమ్ముతుంది. నిమ్మ తొక్కలోని నూనె వాసన ముక్కుకి చేరడానికి అది తోడ్పడుతుంది. అందుకే తొక్క ముక్కని గ్లాసు మీద ఒకసారి నులమండి. కానీ నాలుక మీది చురుకు బుడగలది కాదు. నాలుక కణాల మీద ఒక ఎంజైము కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా మారుస్తుంది, మనకి తెలిసేది ఆ ఆమ్లం. ఎత్తైన కొండలు ఎక్కేవాళ్లు వేసుకునే అసెటజొలమైడ్ మాత్ర ఆ ఎంజైముని ఆపేస్తుంది, ఆ మాత్ర వేసుకున్నవాళ్లకి సోడా చప్పగా ఉంటుంది. అంటే ఆ చురుకు కావాలంటే గ్యాస్ నీళ్లలో కరిగి నోటిదాకా రావాలి.

ఇక పదిమందికి చేయడం తేలికే. బత్తాయి, నిమ్మ రసాలు సన్నటి బట్టలో వడకట్టి, ఉప్పు, చక్కెర పూర్తిగా కరిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. సోడా కూడా బాగా చల్లబడాలి. ఐసు ముక్కల మీద ఒకసారి నీళ్లు పోసి వంపేస్తే నూగు కరిగిపోతుంది. జగ్గులో కలపకుండా గ్లాసు గ్లాసుకీ విడిగా, వచ్చినవాళ్లు కూర్చున్నాకే సోడా పోయండి.

మిగిలిన ప్లాస్టిక్ సీసాని నొక్కి, గాలి తీసేసి మూత పెడితే గ్యాస్ నిలుస్తుందని చాలా ఇళ్లలో నమ్ముతారు. నిలవదు. నొక్కిన సీసా మళ్లీ ఉబ్బడానికి కావలసిన వాయువు సోడాలోంచే వస్తుంది. పైగా సోడాలోని గ్యాస్‌ని ఆపేది పైనున్న కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడే కానీ, మామూలు గాలి ఉందా లేదా అన్నది కాదు. చిన్న సీసాలోకి మెల్లగా ఒంపి, నిండుగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మేలు.

షాపుల్లో గల్లాపెట్టె దగ్గర నీళ్ల గ్లాసులో నిమ్మకాయ వేసి, మునిగిందా తేలిందా అని చూసి దిష్టి లెక్కలు చెప్పేవాళ్లున్నారు. అక్కడ చెప్పేది కాయ సాంద్రత మాత్రమే. సోడాలో నిమ్మగింజ చెప్పే లెక్క మాత్రం నిజమైనది. ఆలస్యంగా వచ్చిన అతిథికి ఇచ్చే గ్లాసులో ఒక గింజ వేసి చూడండి. అడుగుకి మునుగుతుంది, ఒంటి నిండా బుడగలు పూసుకుని పైకి తేలుతుంది, పైన బుడగలు పగలగానే ఒరిగి మళ్లీ కిందికి జారుతుంది. గ్యాస్ ఉన్నంతసేపూ అలా ఎక్కి దిగుతూనే ఉంటుంది. అది అడుగున పడి మళ్లీ లేవకపోతే ఆ గ్లాసు పక్కన పెట్టి, కొత్త సోడా తీయండి.