రెండు భాషల ఇంట్లో ముద్దుమాటలు: అపోహలు - వాస్తవాలు

"ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం మా పొరపాటేమోనండీ." నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది కూర్చోగానే అనే మాట ఇది. పక్కనే నేలమీద బొమ్మకారు తోసుకుంటున్న బిడ్డకు రెండేళ్ళు కూడా నిండి ఉండవు. నేను స్పీచ్ థెరపిస్టుని. పసిపిల్లలకు మాటలు ఎలా వస్తున్నాయో గమనించడం, ఎక్కడ ఆగిపోయాయో పట్టుకోవడం నా వృత్తి. రెండు భాషలు విన్నందువల్ల మాట రాకుండా పోయిన బిడ్డ ఇన్నేళ్ళలో నాకు ఒక్కరూ కనబడలేదు. నింద ఆ రెండు భాషల మీద వేసి కూర్చోవడంతో అసలు కారణం ఆలస్యంగా బయటపడిన పిల్లలు మాత్రం కనబడ్డారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రెండు భాషలు వింటే మాటలు ఆలస్యంగా వస్తాయి

వాస్తవం: ఒక భాష వింటూ పెరిగే బిడ్డా, మూడు భాషలు వింటూ పెరిగే బిడ్డా ముఖ్యమైన మజిలీలను దాదాపు ఒకే వయసులో దాటుతారు. ఆరేడు నెలలు దాటాక 'బబబ', 'దదద' అంటూ శబ్దాలను గొలుసుకట్టుగా పలకడం, ఏడాదికి కాస్త అటూ ఇటూగా తొలి మాట, ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ మధ్య 'అమ్మ దా', 'బంతి పోయింది' అంటూ రెండు మాటలు జోడించడం. ఇంట్లో ఎన్ని భాషలు ఉన్నాయన్న దాన్నిబట్టి ఈ క్రమం మారదు. ఒకే భాష వినే పిల్లల్లోనూ ముందువెనకలు ఉంటాయి, ఇక్కడా అంతే.

మరి ఆలస్యమైనట్టు ఎందుకు అనిపిస్తుంది? చాలాసార్లు లెక్క తప్పడం వల్ల.

ఒక దంపతులు 22 నెలల పాపను తీసుకొచ్చారు. తల్లి తెలుగు, తండ్రి హిందీ మాట్లాడతారు. పగలు పాప ఉండే చోట అందరిదీ ఇంగ్లీషు. తల్లి ఒక కాగితం మడతలు విప్పి ఇచ్చారు, అందులో 19 తెలుగు మాటలు ఉన్నాయి. "ఇంతేనండీ" అన్నారు. నేను ఇంకో కాగితం తీసి మూడు గడులు గీశాను. ముగ్గురం కలిసి నింపడం మొదలుపెట్టాం. తండ్రి ఒకచోట ఆగారు: "'నీళ్ళు' రాశాం కదా, 'పానీ' మళ్ళీ రాయాలా?" రాయాలి. పాప అమ్మతో ఒకలా, నాన్నతో ఒకలా అడుగుతోందంటే అవి రెండు మాటలే. గంట గడిచేసరికి తెలుగులో 19, హిందీలో 14, ఇంగ్లీషులో 23, మొత్తం 56 మాటలు తేలాయి. వాటిలో ఎనిమిదింటికి రెండు భాషల్లోనూ పేర్లున్నాయి. అంటే పాపకు తెలిసిన విషయాలు 48. రెండేళ్ళకు అన్ని భాషలూ కలిపి 50 మాటల వరకు ఉండాలని మేం చూసుకుంటాం. ఆ పాప 56 మాటలతో రెండు నెలల ముందే ఆ గీత దాటేసింది.

ఇలా కలిపి లెక్కించాలని నేను కనిపెట్టలేదు. అమెరికాలోని మయామీలో స్పానిష్, ఇంగ్లీషు వింటూ పెరుగుతున్న పసిపిల్లల మాటలను పరిశోధకురాలు బార్బరా పియర్సన్, ఆమె సహచరులు ఇదే పద్ధతిలో లెక్కగట్టి 1993లో ప్రచురించారు. రెండు భాషలూ కలిపి చూస్తే ఆ పిల్లలు ఒకే భాష నేర్చుకునేవాళ్ళకు వెనకబడలేదని తేలింది.

మీరూ ఇంట్లో లెక్క వేయదలిస్తే ఒక జాగ్రత్త. మాట స్పష్టంగా ఉండాలన్న నియమం లేదు. కుక్క కనబడిన ప్రతిసారీ 'బౌబౌ' అంటే అది మాటే. 'బంతి'ని 'బత్తి' అన్నా, ప్రతిసారీ బంతికే అంటుంటే అదీ మాటే. తల్లిదండ్రులు వస్తువుల పేర్లన్నీ రాసి 'దా', 'వద్దు', 'పద', 'టాటా' లాంటివి వదిలేస్తుంటారు. బిడ్డ రోజంతా వాడేది వాటినే.

ఇంకో సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక్కో భాషను విడిగా తీసి చూస్తే మాటలు తక్కువగా కనబడవచ్చు. ఏ భాష ఎంతసేపు చెవిన పడుతోందో ఆ భాషలో మాటలూ దాదాపు ఆ పాళ్ళలోనే పెరుగుతాయి. వారానికి ఒక్కపూట వినే భాషలో పది మాటలు వస్తే అది సంతోషించాల్సిన విషయం.

అపోహ: భాషలు కలిపేస్తున్నాడంటే తికమకపడుతున్నాడని అర్థం

వాస్తవం: తికమక ఎక్కడుందో వెతికి చూడండి, దొరకదు. రెండున్నరేళ్ళ బాబు ఒకడు నా గదిలో చెప్పు బోర్లించి "షూలో బాల్ ఉంది" అన్నాడు. తండ్రి ఇబ్బందిగా నవ్వి, "చూశారా, అన్నీ కలిపేస్తాడు" అన్నారు. నేను ఆ వాక్యాన్ని కాగితంమీద రాసి చూపించాను. 'షూ', 'బాల్' ఇంగ్లీషువి. కానీ 'లో' వచ్చి 'షూ' వెనకే చేరింది, తెలుగులో చేరాల్సినట్టే. క్రియ చివరికి వచ్చింది. ఇంగ్లీషులో ఆ 'లో' అనే అర్థమిచ్చే మాట ముందు వస్తుంది, వాడు ఆ క్రమం ఇక్కడికి తేలేదు. తెలుగు వాక్యం కట్టుబడి ఎక్కడా చెదరలేదు, ఖాళీగా ఉన్న రెండు చోట్ల మాత్రం తనకు దొరికిన మాటలు పెట్టుకున్నాడు. పైగా వాళ్ళింట్లో పెద్దలందరూ 'షూ' అనే అంటారు. వాడు విన్నదే అన్నాడు.

నిజానికి ఈ వేరుచేసే శక్తి పుట్టుకతోనే మొదలవుతుంది. గర్భంలో ఉండగా ఇంగ్లీషు, తగలోగ్ (ఫిలిప్పీన్స్ భాష) రెండూ విన్న శిశువులను పుట్టిన కొద్దిరోజులకే పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనం ఉంది. వాళ్ళు రెండు భాషలనూ ఆసక్తిగా విన్నారు, రెంటికీ తేడా కూడా పట్టారు. 2007లో ఇంకొకటి: శబ్దం తీసేసిన వీడియోలో మాట్లాడే మనిషి ముఖం మాత్రమే చూపించారు. ఆ మనిషి భాష మారిస్తే, ఇంట్లో రెండు భాషలు వినే ఎనిమిది నెలల పిల్లలు ముఖం చూసే గుర్తుపట్టారు. ఒకే భాష వినే పిల్లలు ఆ వయసుకు పట్టలేకపోయారు.

బిడ్డ కలిపి మాట్లాడినప్పుడు "అలా అనకూడదు" అని ఆపకండి. "అవును, చెప్పులో బంతి ఉంది!" అని మీ భాషలో తిరిగి అంటే చాలు. వాడికి జవాబూ దొరుకుతుంది, మాటా దొరుకుతుంది.

అపోహ: ముందు ఒక భాష గట్టిపడనిచ్చి, తర్వాత రెండోది మొదలుపెట్టాలి

వాస్తవం: పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగం మన చెవులకు బాగా దగ్గరిది. ఇంగ్లీషు మాత్రమే వినే శిశువులకు హిందీలోని 'ట', 'త' ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో వాళ్ళు తేడా పట్టారు. పది పన్నెండు నెలలకు వచ్చేసరికి ఆ పట్టు చాలావరకు జారిపోయింది. మనం రోజూ ఆలోచించకుండా పలికే ఆ తేడా, వినకపోతే ఏడాదిలోపే పసిచెవికి అనవసరం అయిపోతుంది. ఏడాది నిండగానే తలుపులు మూసుకుపోతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, పెద్దయ్యాకా భాషలు వస్తాయి. అయితే కావాలని వాయిదా వేయడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

అపోహ: ఒక్కొక్కరు ఒక్కో భాషే మాట్లాడి తీరాలి

వాస్తవం: ఈ పద్ధతికి వందేళ్ళు దాటింది. ఫ్రెంచి భాషావేత్త జూల్ రోంజా తన కొడుకును ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ఇలాగే పెంచి 1913లో పుస్తకం రాశాడు. పాటించగలిగినవాళ్ళు పాటించవచ్చు. కానీ బెల్జియంలో దాదాపు 1,900 కుటుంబాలను పరిశీలించి పరిశోధకురాలు అనిక్ డి హావర్ 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ పద్ధతి నడిచిన ఇళ్ళలోనూ నలుగురిలో ఒకరి పిల్లలు రెండో భాష మాట్లాడటం లేదు. బయట వినబడని భాషను ఇంట్లో ఇద్దరూ మాట్లాడినచోట ఆ భాష ఎక్కువగా నిలిచింది. కాబట్టి నియమం తప్పామని కుమిలిపోకండి. బలహీనంగా ఉన్న భాషకు రోజులో ఎంత సమయం దొరుకుతోందో చూసుకోండి.

అపోహ: ఆ భాషలో వీడియోలు పెడితే వచ్చేస్తుంది

వాస్తవం: పెడితే రాదు. పరిశోధకురాలు పాట్రిషియా కూల్ బృందం 2003లో ఇది స్పష్టంగా చూపించింది. తొమ్మిది నెలల అమెరికన్ శిశువుల ఎదుట కూర్చుని, 12 విడతలుగా చైనా మాండరిన్‌లో ఆడుతూ, పుస్తకాలు చూపిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనులను వాళ్ళు పట్టుకున్నారు. అదే మనిషిని, అవే మాటలను తెరమీద చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. రెండేళ్ళలోపు బిడ్డ మాట నేర్చుకునేది తన చూపు వెంట చూసే మనిషి దగ్గర, తను 'ఊఁ' అంటే 'ఊఁ' అనే మనిషి దగ్గర. ఏడాది పిల్లలను తెర ముందు కూర్చోబెట్టవద్దని, రెండేళ్ళు నిండాక కూడా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అమ్మమ్మతో వీడియో కాల్ వేరే సంగతి. అక్కడ అవతల మనిషి ఉంది, బిడ్డ పిలిస్తే పలుకుతుంది.

అపోహ: తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తున్నాడు, ఇక తెలుగు పోయినట్టే

వాస్తవం: జవాబు సరిగ్గా ఇచ్చాడంటే ప్రశ్న అర్థమైందనే కదా. అర్థం కావడం ముందు, పలకడం తర్వాత. మీరు తెలుగు మానకండి. కొత్త భాష మాట్లాడే చోట చేరిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మౌనంగా ఉండటమూ మామూలే. ఇంట్లో గలగలా మాట్లాడుతుంటే దిగులు అక్కర్లేదు.

అపోహ: మాటలు ఆలస్యమైన బిడ్డకు ఒక్క భాషే ఉంచాలి

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే సలహా ఇదే. భాష నేర్చుకోవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లలను పోల్చి చూసిన 2003 నాటి అధ్యయనంలో, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలకు ఒక్క భాషే మాట్లాడే పిల్లల కంటే ఇబ్బంది ఎక్కువేమీ లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. ఇల్లంతా మాట్లాడుకునే భాషను బిడ్డ నుంచి తీసేస్తే ఏమవుతుంది? అలా చేసిన ఒక తల్లి నాతో అన్నారు: "వాడితో మాట్లాడాలంటే ముందు మనసులో తర్జుమా చేసుకోవాల్సి వస్తోంది. అందుకే తక్కువ మాట్లాడుతున్నాను." మాటలు ఎక్కువ వినాల్సిన బిడ్డకు ఉన్న మాటలూ తగ్గిపోయాయి.

అపోహ: రెండు భాషల పిల్లలు కదా, మూడేళ్ళ దాకా ఆగుదాం

వాస్తవం: ఆగకండి. ఏడాదికి చూపుడువేలితో చూపించడం, టాటా చెప్పడం లేకపోయినా, 16 నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు జోడించకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా చూపించుకోవాలి. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసులోనైనా సరే వెంటనే రావాలి. మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని అనుకోకూడదు. చెవిలో నీరు చేరిన పిల్లలకు పెద్ద చప్పుళ్ళు వినిపిస్తూనే 'స', 'త' లాంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చు. వచ్చేటప్పుడు మీ ఇంటి భాషలన్నిటికీ గడులు గీసిన ఆ కాగితం కూడా తెచ్చుకోండి, నేను మొదట అడిగేది అదే.