ఫిట్స్ ఉన్న పిల్లలు, బడి: మా ఓపీలో రోజూ వినే అపోహలు

నేను విజయవాడలో పిల్లల న్యూరాలజీ చూస్తాను. జూన్ వచ్చిందంటే మా ఓపీలో మందుల కంటే బడి గురించిన మాటలే ఎక్కువ. "టీసీ తీసుకెళ్ళమంటున్నారండీ", "హాస్టల్లో వేయొచ్చాండీ", "ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టమని రాసివ్వండి డాక్టర్ గారూ". అందరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. టీచర్లు కూడా చదివితే ఇంకా మంచిది.

అపోహ: ఫిట్స్ అంటే కిందపడి కొట్టుకోవడమే.

కాదండీ. బడిలో ఎవరి కంటా పడని రకం ఒకటుంది, ఆబ్సెన్స్ సీజర్స్ అంటాం. ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ళ లోపు మొదలవుతాయి. పిల్ల ఉన్నట్టుండి ఆగిపోతుంది, చూపు ఒకేచోట నిలిచిపోతుంది, కొన్ని సెకన్లలో మళ్ళీ మామూలే. రోజుకు పదులసార్లు రావచ్చు. పడిపోదు, నురగ రాదు, కాబట్టి "పరధ్యానం ఎక్కువ" అనేస్తారు. ఒక మూడో తరగతి పాప డిక్టేషన్ నోట్సు వాళ్ళమ్మ తెచ్చి చూపించింది. "కృష్ణానది మహాబలే" దగ్గర పెన్సిల్ గీత కిందికి జారిపోయింది, ఆ తర్వాత ఏకంగా "బంగాళాఖాతంలో కలుస్తుంది" అని ఉంది, పక్కన ఎర్ర ఇంకుతో "శ్రద్ధ లేదు". గట్టిగా ఊపిరి వదులుతుంటే ఈ రకం ఫిట్ బయటపడుతుంది, అందుకే తిరునాళ్ళలో అమ్మే కాగితం ఫ్యాను ఒకటి పాప చేతికిచ్చి ఆపకుండా ఊదమన్నాను. కాసేపటికే ఊదడం ఆగింది, రెప్పలు టపటపా కొట్టుకున్నాయి, తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ ఊదింది. మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ పరీక్షలో కూడా అదే తేలింది. పరధ్యానంలో ఉన్న పిల్లని భుజం తడితే తేరుకుంటుంది, ఫిట్‌లో ఉన్న పిల్ల తేరుకోదు. రోజంతా ఎదురుగా ఉండేది టీచరే, కాబట్టి ఈ తేడా ముందు కనిపెట్టగలిగేదీ టీచరే.

అపోహ: చేతిలో తాళాలు పెట్టాలి, నోట్లో చెంచా పెట్టాలి.

చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఆ రెండు నిమిషాలూ చేతిలో తాళాలగుత్తి ఉంటే పేరు దానికొస్తుంది, ఉల్లిపాయ ఉంటే ఉల్లిపాయకొస్తుంది. తాళాలతో పోయేదేమీ లేదులెండి, అవి వెతకడానికి పరిగెత్తిన మనిషి పిల్లాడి పక్కన ఉండడు, అంతే. చెంచా అలా కాదు, పళ్ళు విరుగుతాయి. నాలుక మింగేస్తారన్నది కూడా అబద్ధం. చేయాల్సింది: గడియారం చూడండి, బెంచీలు పక్కకి లాగండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు, పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు పట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా, దెబ్బ తగిలినా, అసలు అదే మొదటిసారి అయినా 108కి ఫోన్ చేయండి. డాక్టర్ ముందే ఫిట్‌ని ఆపే మిడజోలమ్ ముక్కు స్ప్రే రాసిచ్చి ఉంటే ఐదో నిమిషంలో వాడేది అదే.

అపోహ: ఇది అంటుకుంటుంది.

అంటుకోదు. నురగ తగిలినా అంటుకోదు. బెంచీ మార్చకండి.

అపోహ: వీళ్ళకి చదువు రాదు.

చాలామంది పిల్లల తెలివికి ఏ లోటూ ఉండదు. కొందరికి మెదడులో అసలు కారణమేదైతే ఉందో దానివల్లే నేర్చుకోవడం కష్టమవుతుంది, వాళ్ళకి వేరే సాయం కావాలి. ఇంకొందరికి మందు వల్ల మగత, చిరాకు వస్తాయి. లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు మొదలుపెట్టాక మంచి పిల్లాడు అందరి మీదా విసుక్కుంటున్నాడంటే అది పొగరు కాకపోవచ్చు, మాకు చెప్పండి, డోసో మందో మారుస్తాం. అంతేగానీ పరీక్షలున్నాయని మీరే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సాధారణంగా రెండేళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాకే, అదీ కొద్దికొద్దిగా, తగ్గించడం గురించి ఆలోచిస్తాం.

అపోహ: ఆటలు మాన్పించాలి.

కబడ్డీ, క్రికెట్, పరుగు, అన్నీ ఆడొచ్చు. నీళ్ళ దగ్గర మాత్రం కళ్ళార్పకుండా చూసే పెద్దమనిషి ఉండాల్సిందే, స్విమ్మింగ్ పూలైనా కృష్ణా ఘాట్లైనా. ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా చెట్లెక్కడం, బందరు కాలవ గట్టున ఒంటరిగా సైకిల్ తొక్కడం వద్దు.

అపోహ: హాస్టల్లో వేస్తే క్రమశిక్షణ వస్తుంది, ఫిట్స్ కూడా తగ్గుతాయి.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇది. అదుపులో ఉన్న ఫిట్స్ మళ్ళీ రావడానికి ముఖ్యమైన కారణాలు రెండు, డోస్ తప్పడం, నిద్ర చాలకపోవడం. మన బెజవాడ, గుంటూరు వైపు రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో ఈ రెండూ టైమ్‌టేబుల్‌లోనే ఉంటాయి: రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున ఐదింటికి లేపడం, మాత్రలేమో వార్డెన్ గది బీరువాలో, వార్డెన్ ఊరెళ్తే తాళం ఆయనతోనే. హాస్టలే వద్దనను. ఎనిమిది గంటల నిద్ర, వేళకి మాత్ర, ఈ రెండిటికీ పేరు చెప్పి బాధ్యత తీసుకునే మనిషి ఉంటేనే వేయండి, లేకపోతే డే స్కాలర్‌గా చదివించండి. ర్యాంకు సంగతి తర్వాత.

అపోహ: చెబితే సీటివ్వరు, దాచడమే మేలు.

ఈ భయం పూర్తిగా వట్టిది కాదు, టీసీ చేతిలో పెట్టిన బళ్ళు ఉన్నాయి. ఆడపిల్లయితే రేపు పెళ్ళికి అడ్డొస్తుందని ఇంకా దాస్తారు, బలం మాత్రలని చెప్పి మింగిస్తారు. కానీ 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసేయకూడదు. దాచితే ఏమవుతుందంటే, ఫిట్ వచ్చిన రోజు క్లాసులో అందరికీ టెన్షన్, చెంచా నోట్లోకి వెళ్తుంది. డాక్టర్ దగ్గర ఒక కాగితం రాయించుకోండి: ఫిట్ ఎలా ఉంటుంది, ఏం చేయాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి, ఏ మందు ఎంత, ఎవరికి ఫోన్ చేయాలి. లామినేషన్ చేయించి ఇవ్వండి. ప్రిన్సిపాల్ గారి సొరుగులో కాదు, క్లాస్ టీచర్ అటెండెన్స్ రిజిస్టర్‌లో పెట్టించండి, పీఈటీ సారుకీ స్కూల్ బస్సు ఆయాకీ ఒక్కో కాపీ ఇవ్వండి.