కిస్మిస్ పెట్టె మీద అస్థిపంజరం

పిల్లలూ,

చికానో, లాటినో కళాకారుల స్క్రీన్ ప్రింట్ల ప్రదర్శనకి మీ స్కూలువాళ్ళు తీసుకెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. వెళ్ళొచ్చి "పోస్టర్లే కదా పెద్దమ్మా" అంటారని తెలుసు, అందుకే ముందుగా రాస్తున్నా. అవును, పోస్టర్లే. సంగతంతా అందులోనే ఉంది.

చికానోలంటే అమెరికాలోని మెక్సికన్ మూలాలవాళ్ళు, 1960ల్లో హక్కుల కోసం లేచిన కుర్రకారు తమకు తాము గర్వంగా పెట్టుకున్న పేరు అది. లాటినోలంటే వీళ్ళతోపాటు ప్యూర్టోరికో, క్యూబా, ఎల్ సాల్వడార్ లాంటి చోట్ల మూలాలున్నవాళ్ళూ వస్తారు. పేర్ల గొడవ ఇంతటితో చాలు, పని ఎలా జరుగుతుందో చూడండి.

ఫ్రేముకి సన్నటి జాలీగుడ్డ బిగిస్తారు, ఒకప్పుడు పట్టుది, ఇప్పుడు పాలిస్టర్‌ది. రంగు దిగకూడని చోట దాని కన్నాలు మూసేస్తారు. కింద కాగితం పెట్టి, పైన ఇంకు పోసి, రబ్బరు అంచున్న స్క్వీజీతో గట్టిగా ఒక్కసారి లాగితే మూయని చోట మాత్రమే రంగు దిగుతుంది. మన ఊళ్ళలో శుభలేఖలూ, బట్టలషాపు సంచుల మీద పేర్లూ వేసింది ఇలాగే. ఒక్కో రంగుకి మామూలుగా ఒక్కో స్క్రీను కావాలి, అంటే నాలుగు రంగుల బొమ్మైతే ప్రతి కాగితాన్నీ నాలుగుసార్లు పెట్టాలి, మధ్యలో ఆరనివ్వాలి, ప్రతిసారీ సరిగ్గా అదే చోట పడాలి, కాస్త జరిగిందా పక్కన తెల్లగీత బయటపడుతుంది. ఓపిక కావాలిగానీ పెద్ద మిషను అక్కర్లేదు, గ్యారేజీలో చేసుకోవచ్చు. చేతిలో డబ్బులేనివాళ్ళకి, రేపటి ఊరేగింపుకి వంద పోస్టర్లు కావాల్సినవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

ఆ అవసరం ఎక్కడిదంటే, 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డెలానో దగ్గర ద్రాక్షతోటల కూలీలు సమ్మెకి దిగారు. ముందు దిగింది ఫిలిపినో కూలీలు, లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో. (ఆయన్ని జనం తరచూ మర్చిపోతారు, మీరు మర్చిపోకండి.) వారం తిరిగేసరికి సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్తాల కూలీల సంఘం కలిసింది. తోటల యజమానులతో ఒప్పందాలయ్యేసరికి 1970 వచ్చింది. అన్నేళ్ళు ఊరూరా "ద్రాక్ష కొనకండి" అని చెప్పాలంటే గోడలు కావాలి, గోడల మీదికి బొమ్మలు కావాలి.

మీరు తప్పకుండా వెతకాల్సిన బొమ్మ ఎస్టర్ హెర్నాండెజ్‌ది, 1982లో వేసిన 'సన్ మ్యాడ్'. సన్ మెయిడ్ కిస్మిస్ పెట్టె మీద ఎర్ర టోపీ పెట్టుకుని, ద్రాక్ష తట్ట పట్టుకుని, వెనక పసుపురంగు సూర్యుడితో నవ్వే అమ్మాయి ఉంటుంది కదా, మీ లంచ్ డబ్బాల్లోకీ వస్తూనే ఉంటుంది. అదే టోపీ, అదే తట్ట, అదే సూర్యుడు. అమ్మాయి బదులు అస్థిపంజరం. కింద పురుగుమందులు, కలుపుమందులు, బూజుమందులతో అసహజంగా పండించినవని రాసి ఉంటుంది. ఎస్టర్ ఆ ద్రాక్షల నేలమీదే, డినూబాలో, కూలీల ఇంట్లో పుట్టింది. తన ఊళ్ళో నీళ్ళలో పురుగుమందులు కలిశాయని 1979లో తెలిసింది. అంటే వాళ్ళమ్మ, చుట్టాలు, అందరూ తాగిన నీళ్ళు. ఆ కోపాన్ని ఉపన్యాసంగా చెబితే ఎంతమంది వింటారు? ప్రతి వంటింట్లో ఉండే పెట్టెని తీసుకుని అందులోనే పెట్టేసింది. కంపెనీ ఇన్నేళ్ళు డబ్బుపోసి జనానికి అలవాటు చేసిన బొమ్మ, ఆమెకి ఉచితంగా పనికొచ్చింది! ఆ తెలివి నాకు భలే నచ్చుతుంది.

అన్నీ ఇంత భయంగా ఉండవు. శాక్రమెంటోలో ఒక కళాకారుల బృందం రెబెల్ చికానో ఆర్ట్ ఫ్రంట్ అని పేరు పెట్టుకుంటే, ఆ పొడి అక్షరాలు (RCAF) చూసి జనం రాయల్ కెనడియన్ ఎయిర్ ఫోర్స్ అనుకున్నారట. సరే కానివ్వండి అని వీళ్ళు రాయల్ చికానో ఎయిర్ ఫోర్స్‌గా మారిపోయి, పైలట్ల వేషాలేసుకుని తిరిగారు. మధ్యలో కూలీల సంఘానికి పోస్టర్లు మాత్రం సీరియస్‌గానే అచ్చువేశారు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోనైతే కారెన్ బొకలేరో అనే క్రైస్తవ సన్యాసిని, మరికొందరు కళాకారులు 1970లో గ్యారేజీలో మొదలుపెట్టిన పని సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ అనే సంస్థ అయింది, ఇప్పటికీ నడుస్తోంది.

2020లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం ఇలాంటి 119 పనులతో పెద్ద ప్రదర్శన పెట్టింది. కరెంటు స్తంభాలకి అంటించినవి అద్దాల వెనక్కి చేరాయంటే నాకు కాస్త నవ్వొస్తుంది, కానీ దాచకపోతే మీదాకా వచ్చేవా?

అక్కడ పెన్సిల్‌తో 12/60 లాంటి అంకె కనిపిస్తే, అరవై ప్రతుల్లో పన్నెండోదని. గోడలకి అంటించడానికే వేసిన పోస్టర్లకి చాలాసార్లు అలాంటి అంకె ఉండదు. రంగు మీద రంగు ఎక్కినచోట పక్కనుంచి చూడండి, ఇంకు మందం తెలుస్తుంది. ఫోన్ ఫొటోలో అది రాదు. ముక్కు అద్దానికి ఆనించకండి, గార్డు అరుస్తాడు.

మీ పెద్దమ్మ