ఎల్డర్‌బెర్రీ క్యాప్సూల్స్, 29 జలుబులు

అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్తున్న ఒక పాఠకురాలు అడిగారు: ‘విమానం దిగగానే జలుబు పట్టుకుంటోంది. ఎల్డర్‌బెర్రీ క్యాప్సూల్స్ వేసుకుంటే రాదంటున్నారు, నిజమేనా?’

సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. 2016లో అచ్చయింది. ఎకానమీ క్లాసులో విదేశాలకు వెళ్లే 312 మందిలో దాదాపు సగం మందికి ఎల్డర్‌బెర్రీ అనే చిన్న నల్లని పండ్ల సారం, మిగతావారికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి క్యాప్సూల్స్. ఎవరికి ఏది అందిందో ఇచ్చినవాళ్లకూ తెలియదు, మింగినవాళ్లకూ తెలియదు.

సారం తీసుకున్నవాళ్లలో 12 జలుబులు, ఉత్తుత్తి గుంపులో 17. తగ్గినట్టేగా అనిపిస్తుంది. కానీ మొత్తం జలుబులు 29. మందు ఏమీ చేయకపోతే ఒక్కో జలుబు ఏ గుంపులో పడేదీ బొమ్మాబొరుసు లాంటిదే. ఒక నాణేన్ని 29 సార్లు ఎగరేసి చూడండి. 17-12గానో, అంతకంటే ఎక్కువ తేడాతోనో పడటం వంద విడతల్లో సుమారు 45 విడతల్లో జరుగుతుంది. అంటే మందు ఏమీ చేయకపోయినా ఇంత తేడా సులువుగా వచ్చేస్తుంది. అదే 22-7గా పడి ఉంటే? అంత తేడా వందలో ఒక్కసారి కూడా రాదు, అప్పుడు నమ్మాల్సిందే. మన బళ్లలో బొమ్మాబొరుసు లెక్క చేయించి, మార్కులు వేసి వదిలేస్తారు. మందు డబ్బా మీది మాటను తూచేది ఈ లెక్కేనని పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

జలుబుతో గడిచిన రోజులు మాత్రం ఆసక్తికరం: ఉత్తుత్తి గుంపులో మొత్తం 117, సారం తీసుకున్నవాళ్లలో 57. జలుబుకి సగటున ఏడు రోజుల బదులు ఐదు రోజుల లోపు. ఇది కాకతాళీయం అనిపించుకునే అవకాశం తక్కువ. అయినా ఈ సగటు నిలబడింది 312 మంది మీద కాదు, 29 జలుబుల మీదే. రెండు మూడు మొండి జలుబులు అటునుంచి ఇటు మారితే లెక్క కదిలిపోతుంది. పైగా 2020లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆస్పత్రి ఫ్లూ రోగుల మీద చేసిన ప్రయోగంలో ఎల్డర్‌బెర్రీతో ఏ మేలూ కనబడలేదు. ఫ్లూ, జలుబు ఒకటి కావు, నిజమే. కానీ ఉత్సాహం కాస్త తగ్గించుకోవాల్సిన ఫలితమే.

మూలిక కాబట్టి హాని ఉండదన్న నమ్మకం నాకు భయం కలిగిస్తుంది. ఈ చెట్టు ఆకుల్లో, కాడల్లో, పచ్చికాయల్లో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. 1983లో కాలిఫోర్నియాలో ఆకులూ కొమ్మలూ కలిపి పిండిన రసం తాగినవాళ్లు వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు.

అమ్మా, జలుబు రాకుండా ఆపుతుందని మాత్రం కొనకండి. వచ్చినా రెండు రోజులు ముందే తగ్గొచ్చన్న ఆశతో కొంటే అది మీ ఇష్టం. ఆ ప్రయోగంలో ప్రయాణానికి 10 రోజుల ముందే మొదలుపెట్టారు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతుంటే ముందు డాక్టరుని అడగండి.